కుక్కకు ట్రిమ్మింగ్ చేయిస్తే బొచ్చు మళ్లీ రావట్లేదా? కారణం ఇదే!

ఎండలు ముదిరాయంటే చాలు.. చాలామంది పెంపుడు కుక్కలకు బొచ్చు మొత్తం తీయించేస్తుంటారు. అయితే పొమేరియన్, హస్కీ, చౌచౌ లాంటి రెండు పొరల బొచ్చున్న జాతుల్లో ఇది బెడిసికొట్టొచ్చు. మరీ దగ్గరగా కత్తిరించిన చోట కొన్నిసార్లు నెలల తరబడి బొచ్చు రాదు. దీన్నే పోస్ట్ క్లిప్పింగ్ అలోపేసియా అంటారు. చాలావాటికి 6 నుంచి 12 నెలల్లో తిరిగి పెరుగుతుంది. కొన్నింటికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

బొచ్చు రాకపోవడంతో పాటు బరువు పెరిగినా, మందకొడిగా ఉన్నా థైరాయిడ్ లోపం.. నీళ్లు అతిగా తాగుతుంటే కుషింగ్స్ వ్యాధి కావొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా వెటర్నరీ డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించాలి.

నిజానికి కుక్కలు ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే. బొచ్చు పూర్తిగా తీసేస్తే ఎండ నేరుగా చర్మాన్ని కాలుస్తుంది. అందుకే గుండు బదులు రోజూ దువ్వి, ఊడిన బొచ్చు తీసేస్తే చాలు.