మాంద్యము గడచిన పిమ్మట

పిట్స్‌బర్గు అనగానే మన తెలుగువారిలో పలువురకు అచటి శ్రీ వేంకటేశ్వరాలయము జ్ఞప్తికి వచ్చును. 1970 దశకములో ఆ ఆలయము నెలకొన్ననాటికి అమెరికాలో ఉక్కుకు పిట్స్‌బర్గు పెట్టినది పేరు. నేడు అచట అధిక సంఖ్యాకులకు పని కల్పించుచున్నవి ఆసుపత్రులు, విద్యాసంస్థలు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, ఎవరికి మేలు చేసినదో పరిశీలింతము.

1981-82 సంవత్సరములలో అమెరికా తీవ్రమైన ఆర్థిక మాంద్యమునకు లోనైనది. ధరల పెరుగుదలను అరికట్టుటకై అచటి కేంద్ర బ్యాంకు వడ్డీరేట్లను మిక్కిలి హెచ్చించినది. అప్పు ప్రియమగుటచే కార్ల కొనుగోలు, గృహనిర్మాణము తగ్గినవి. వానితోపాటు ఉక్కుకు గిరాకి పడిపోయినది. విదేశపు ఉక్కు పోటీకి అప్పటికే తట్టుకొనలేకున్న పాత కర్మాగారములకు ఇది గొడ్డలిపెట్టయినది. 1982 చివర దేశమంతటను నిరుద్యోగము నూటికి 10.8 కాగా, 1983 జనవరిలో పిట్స్‌బర్గు ప్రాంతమున అది నూటికి 17 దాటినది.

మాంద్యమున కొన్ని పనులు తాత్కాలికముగా ఆగును. గిరాకి రాగానే కార్మికులను మరల పిలుతురు. మరికొన్ని శాశ్వతముగా పోవును. పిట్స్‌బర్గు కార్మికులలో అనేకులు పిలుపు కొరకు ఎదురుచూచిరి. అది రాలేదు. 1881 నుండి నడచిన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారము 1986లో మూతపడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అందు 15,000 మంది పనిచేసిరి. 1999లో ఆ స్థలముననే దుకాణముల సముదాయము తెరచిరి.

కొత్త కొలువులు రాకపోలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో రోబోల పరిశోధనా సంస్థ, 1984లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు సంస్థ ఏర్పడినవి. ఆసుపత్రులు విస్తరించినవి. ఉక్కు కంపెనీ పేర వెలసిన 64 అంతస్తుల భవనము నెత్తిన 2008లో యూపీఎంసీ అను వైద్యసంస్థ పేరు నిలిచినది. కాని కొలిమివద్ద ఇరువదియేండ్లు గడపిన నడివయస్కుడు మరునాడే నర్సు కాజాలడు, కంప్యూటరు నిపుణుడును కాజాలడు. దుకాణములో దొరకు పనికి కర్మాగారపు జీతము రాదు. యువకులు పలువురు ఊరు విడిచిరి. 1980లో సుమారు 4.24 లక్షలున్న నగర జనాభా 2010 నాటికి 3.06 లక్షలకు తగ్గినది.

ఇందు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. పని దొరికినచో నిరుద్యోగపు లెక్క తగ్గును. పని లేనివాడు ఊరు విడిచినను, విసిగి వెదకుట మానినను తగ్గును. కాగితముమీద అన్నియు ఒకటియే. కావున ‘ఉద్యోగములు తిరిగి వచ్చినవి’ అను వార్త విన్నపుడు మనము రెండు ప్రశ్నలు వేసికొనవలెను: వచ్చినవి ఏ ఉద్యోగములు? పోగొట్టుకొన్నవారికే అవి దక్కినవా? నగరము కోలుకొనుటకు ఇరువదియేండ్లు పట్టవచ్చును. కుటుంబము అంతకాలము ఇంటి అద్దెను, పిల్లల చదువును ఆపి ఉంచజాలదు. మాంద్యపు తొలి మాసములలోనే జీవనభృతి, కొత్త పనిలో శిక్షణ అందవలెననుటకు కారణమిదియే.