కాలూ చెయ్యీ పడిపోతే ముందు గడియారం చూడండి

మూతి ఓ పక్కకి లాగేస్తుంది. కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోతుంది. మాట ముద్దముద్దగా వస్తుంది. "నీరసం అయ్యుంటుంది, కాసేపు పడుకో" అంటారు ఇంట్లోవాళ్లు. ఎమర్జెన్సీ వార్డులో మా ప్రాణం ఉసూరుమనిపించేది ఆ 'కాసేపే'.

అపోహ: నొప్పేమీ లేదుగా, తెల్లారాక చూద్దాం.

వాస్తవం: పక్షవాతంలో చాలామందికి నొప్పి ఉండదు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల కణాలు చచ్చిపోతాయని అంచనా. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే పడాలి. 108కి ఫోన్ చేసినప్పుడే సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమని అడగండి.

అపోహ: నిద్ర లేచేసరికే ఇలా ఉంది, ఎప్పుడొచ్చిందో ఎవరికి తెలుసు?

వాస్తవం: మేం అడిగేది అది కాదు. చివరిసారి మనిషి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి? పెద్దాయన రాత్రి 9కి పడుకున్నాడు, పొద్దున 6కి చూస్తే కుడిచెయ్యి లేవట్లేదు, ఆస్పత్రికి వచ్చేసరికి 7 అయింది అనుకుందాం. 9 నుంచి లెక్కేస్తే 10 గంటలు గడిచిపోయినట్టే. అప్పుడు కోడలు "మామయ్య 4 గంటలకి లేచి గేదెకి గడ్డేశారండీ, నాతో మాట్లాడారు కూడా" అంటే, గడిచింది 3 గంటలే! ఇంజక్షన్‌కి ఇంకా వ్యవధి ఉంది. అందుకే, ఆఖరున చూసినవాళ్లు అంబులెన్సులో కూడా రావాలి. ఆ సమయం నుంచి 4.5 గంటలు దాటిపోయినా ఆశ వదులుకోవద్దు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే, స్కాన్ చూసి కొందరికి 24 గంటల వరకూ సన్నటి గొట్టం పంపి తీస్తారు.

అపోహ: ముందు ఆస్పిరినో బీపీ మాత్రో వేసేస్తే మంచిది.

వాస్తవం: వద్దు. గడ్డ కట్టిందో, నరం చిట్లి రక్తం కారుతోందో పైకి చూసి మేమూ చెప్పలేం, సీటీ స్కానే చెప్పాలి. రక్తం కారుతుంటే ఆస్పిరిన్ ఇంకా ముప్పు. బీపీ ఎక్కువుందని మాత్ర నాలుక కింద పెడితే, మూసుకున్న నాళం చుట్టుపక్కల మెదడుకి అందుతున్న కాస్త రక్తమూ తగ్గిపోవచ్చు. మింగుడుపడని మనిషికి మంచినీళ్లు పట్టినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు. రాగానే వేలికి సూది గుచ్చి చూసేది అందుకే.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలి.

వాస్తవం: చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, తాళాలు ఉన్నా లేకున్నా. పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ కుక్కొద్దు. ఇక్కడా గడియారం చూడండి: 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా అంబులెన్స్ పిలవాలి.

అపోహ: పడిపోయిన చెయ్యి పది నిమిషాల్లో మళ్లీ లేచింది, ఇక ఆస్పత్రి ఎందుకు?

వాస్తవం: పెద్ద పక్షవాతం రావచ్చని మెదడు చేసే హెచ్చరిక అది. ముఖ్యంగా మొదటి 48 గంటల్లో ముప్పు ఎక్కువ. చెయ్యి బాగానే ఉన్నా ఆ రోజే వెళ్లండి.