మళ్ళీ పిస్తోలు పట్టాలంటే

జువ్వలదిన్నె వంటి కడలి ఒడ్డు ఊళ్ళో స్థిరపడ్డాక, ఏనాడో వదిలేసిన గురి పందేల మీదికి మళ్ళీ మనసు పోయిందనుకోండి. సంసారి ఏ పిస్తోలు కొనాలి?

పరుగెత్తుతూ కాల్చే ‘ప్రాక్టికల్’ పోటీలకు విదేశాల్లో 9 మిల్లీమీటర్ల పిస్తోలు వాడతారు. మన దేశంలో సామాన్యుడికి దాని లైసెన్సు దుర్లభం. అందుబాటులో ఉన్నది గాలి పిస్తోలే. 2016 ఆయుధ నియమావళి ప్రకారం 4.5 మిల్లీమీటర్లది, 20 జౌళ్ళకు మించనిది అయితే లైసెన్సు అక్కర్లేదు. ఇదేమీ చిన్న విద్య కాదు సుమండీ! 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ రజతం గెలిచింది దీనితోనే.

ఇందులో రెండు రకాలు. సిలిండరు రకం సుఖం. కాని అందులో 200 బార్ల గాలి నింపాలి, సైకిలు పంపు చాలదు. పాతది చవకగా వస్తే సిలిండరు మీది తేదీ చూడండి. సాధారణంగా దాని ఆయువు పదేళ్ళే. రెండోది ప్రతి గుండుకూ మీట నొక్కి గాలి నింపేది. పోటీలో 60 గుండ్లకు చెయ్యి నొప్పెడుతుంది నిజమే, కాని వేరే ఖర్చు లేదు. పల్లెటూరి వారికి ఇదే మేలు.

కొనేముందు పిడి పట్టి చూడండి. కొన్నాక నూనెగుడ్డతో రోజూ తుడవండి. పడవ ఇంజన్లనే తినేసే ఉప్పుగాలి పిస్తోలును విడుస్తుందా? పది మార్కుల వలయం 11.5 మిల్లీమీటర్లే. దాన్ని కొట్టేది ఖరీదు కాదు, సాధన.