కడుపులోని బిడ్డకు పురుగుమందు సోకనివ్వకండి



గర్భిణీ పరీక్షలకు వచ్చే తల్లులు ఎన్నో సందేహాలు అడుగుతుంటారు. బొప్పాయి తినవచ్చా? కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందా? గ్రహణం రోజు బయటకు రావచ్చా? అయితే "మా ఆయన మందు కొట్టి వచ్చిన బట్టలు నేను ఉతకవచ్చా?" అని అడిగేవారు చాలా అరుదు. పత్తి, మిరప పండించే కుటుంబాల్లో ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. ఉతకకూడదు అన్నదే దానికి జవాబు. ఎందుకో తెలుసుకుందాం.

మావి అన్నిటినీ ఆపలేదు

తల్లి తిన్న ఆహారంలోని సారం, ప్రాణవాయువు మావి ద్వారా బిడ్డకు చేరతాయి. మావి జల్లెడలాగా చెడునంతా ఆపివేస్తుందని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మేవారు. ఆ నమ్మకం తప్పని చూపిన ఊళ్లలో జపాన్ దేశంలోని మినమాటా ఒకటి. అక్కడి రసాయన ఫ్యాక్టరీ పాదరసం కలిసిన మురుగును సముద్రంలోకి వదిలింది. అది చేపల్లోకి, చేపలు తిన్న మనుషుల్లోకి చేరింది. ఈ జబ్బును 1956లో గుర్తించారు. పైకి ఆరోగ్యంగానే కనిపించిన తల్లులకు కూడా మాట రాని, నడవలేని, బుద్ధి ఎదగని పిల్లలు పుట్టారు. ఎండిన బొడ్డుతాడును భద్రంగా దాచుకోవడం అక్కడివారి ఆచారం. డాక్టర్ హరాడా మసాజుమి మొదలైనవారు అలా దాచిన బొడ్డుతాళ్లను సేకరించి పరీక్ష చేయించగా వాటిలో పాదరసం బయటపడింది.

తల్లికి ఏమీ కాలేదు కాబట్టి బిడ్డకూ ఏమీ కాదు అనుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

పురుగుమందు ఏమి చేస్తుంది?

క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు ఒకే జాతికి చెందినవి. ఇవి పురుగు నరాలను దెబ్బతీసి చంపుతాయి. మన నరాలు కూడా ఇంచుమించు అదే పద్ధతిలో పనిచేస్తాయి. పెద్దవారి శరీరంలో ఈ విషాన్ని కొంతవరకు విరిచివేసే ఎంజైము ఉంటుంది. కడుపులోని బిడ్డకు అది చాలా తక్కువ. పైగా గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మెదడుకు, వెన్నుపాముకు పునాది పడుతుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమని తెలియను కూడా తెలియదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో సలినాస్ లోయ కూరగాయల సాగుకు పేరుపొందినది. అక్కడి కూలీ కుటుంబాల గర్భిణీ స్త్రీలను 1999–2000 సంవత్సరాల్లో చేర్చుకొని, వారి మూత్రంలో ఈ జాతి మందుల ఆనవాళ్లు ఎంత ఉన్నాయో బర్క్లీ విశ్వవిద్యాలయం వారు కొలిచారు. పుట్టిన పిల్లలకు ఏడేళ్లు వచ్చాక తెలివితేటల పరీక్ష పెట్టారు. అందరికంటే ఎక్కువ ఆనవాళ్లు ఉన్న తల్లుల పిల్లలకు, అందరికంటే తక్కువ ఉన్నవారి పిల్లలకంటే సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయి. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. పొలాలే లేని న్యూయార్కు నగరంలో కూడా, ఇళ్లలో బొద్దింకలకు క్లోరిపైరిఫాస్ కొట్టిన రోజుల్లో పుట్టిన పిల్లలను పరిశీలించగా ఇటువంటి లోపమే కనిపించింది.

ఇది సగటు లెక్క అని గమనించండి. మందు తగిలిన ప్రతి బిడ్డా మందబుద్ధి అవుతుందని దీని అర్థం కాదు. కానీ ఈ నష్టం స్కానింగులో కనబడదు. బడిలో చేరాక లెక్క అర్థం కాకపోవడం, చదివింది నిలవకపోవడం, కుదురు లేకపోవడం వంటి రూపాల్లో బయటపడవచ్చు. అప్పుడు మనం బిడ్డనే సోమరి అని తిడతాము.

ఇంట్లోకి ఎలా వస్తుంది?

స్ప్రేయరు భుజాన వేసుకునేది ఎక్కువగా మగవారే. అయినా మందు కలపడానికి నీళ్లు మోసేది, మందు కొట్టిన చేలో కలుపు తీసేది, పత్తి తీసేది, మిరపకాయలు కోసేది, తడిసిన బట్టలు ఉతికేది ఆడవారే. విషం నోటి ద్వారానే కాదు, చర్మం ద్వారా, ఊపిరి ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. మంచంలో నల్లులకు పొలం మందు వాడడం, ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోసుకోవడం, బియ్యం బస్తాల పక్కన మందు నిలువ ఉంచడం కూడా ప్రమాదమే.

పాటించవలసిన జాగ్రత్తలు

• గర్భిణీ స్త్రీ మందు కలపకూడదు, కొట్టకూడదు. మందు కొట్టిన చేలోకి డబ్బాపై రాసిన గడువు దాటకుండా వెళ్లకూడదు.
• మందు కొట్టినవారు ఇంట్లోకి రాకముందే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. ఆ బట్టలను వేరుగా, చేతితొడుగులు వేసుకొని తామే ఉతుక్కోవాలి.
• మందును ఇంటి బయట, తాళం వేసిన చోట ఉంచాలి. ఖాళీ డబ్బాకు రంధ్రాలు చేసి పనికిరాకుండా చేయాలి. డబ్బాపై ఎర్ర రంగు గుర్తు ఉంటే అది అన్నిటికంటే తీవ్రమైన విషం. తరువాతవి వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ.
• కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ధారగా నీళ్లు పోస్తూ బాగా కడగాలి.
• సీసం కూడా బిడ్డ మెదడుకు శత్రువే. పాత బ్యాటరీలు పగలగొట్టే చోటికి, పాత రంగులు గీకే చోటికి గర్భిణి వెళ్లకూడదు. సుర్మా, మరీ మెరిసే కల్తీ పసుపు మానాలి. ఐరన్, కాల్షియం మాత్రలు క్రమంగా వేసుకుంటే ఒంటికి పట్టే సీసం తగ్గుతుంది.
• తలనొప్పి, వాంతులు, చొంగ కారడం, చెమటలు, చూపు మసకబారడం, ఆయాసం కనిపిస్తే వెంటనే మందు డబ్బాతో సహా ఆసుపత్రికి రండి. బలవంతంగా వాంతి చేయించకండి.

ఇదివరకే మందు తగిలిన తల్లులు భయపడి కుమిలిపోవద్దు. నేటి నుండి జాగ్రత్తపడినా బిడ్డకు మేలే. తల్లిపాలు మానవద్దు. మంచి ఆహారం, బిడ్డతో మాటలు, పాటలు, ఆటలు మెదడు ఎదుగుదలకు ఎంతో తోడ్పడతాయి.

తల్లి ఒక్కతే మోయవలసిన భారం కాదు

న్యాయాధిపతుల గ్రంథం 13వ అధ్యాయంలో సమ్సోను పుట్టకముందే అతని తల్లి ఏమి తినకూడదో, ఏమి తాగకూడదో దూత చెప్పాడు. ఆ మాట విన్న భర్త మానోహ అది ఆమె సంగతి అని ఊరుకోలేదు. పుట్టబోయే బిడ్డకు తాము ఏమి చేయాలో నేర్పమని దేవునికి ప్రార్థించాడు. మన ఇళ్లలోని భర్తలకు ఇది మంచి మాదిరి.

కూలికి పోకపోతే పూట గడవని గర్భిణికి పొలానికి వెళ్లవద్దని చెప్పడం సులువే, కానీ ఆమె కూలి ఎవరిస్తారు? మన సంఘాల్లో రైతులున్నారు, కూలీలున్నారు. అందరూ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుతున్నారు. రైతు సోదరులారా, మీ చేలో పనిచేసే స్త్రీ గర్భవతి అని తెలిస్తే మందు కొట్టిన రోజుల్లో ఆమెకు మరొక పని చూపించండి, కూలి తగ్గించకండి. స్త్రీల సమాజములో ఈ వ్యాసాన్ని చదివి వినిపించండి. ఒక పూట పని మార్చినందువల్ల రైతుకు కలిగే నష్టం చిన్నది. బిడ్డ తెలివికి జరిగే నష్టాన్ని తరువాత ఏ మందూ పూడ్చలేదు.

ప్రభువు మీ గర్భఫలమును కాపాడి దీవించును గాక.