మీకు తెలుసా? విస్కీ లేని విస్కీ పరిమళం
పొగ వాసనతో విస్కీని తలపించే పెర్ఫ్యూమ్‌లో సాధారణంగా విస్కీ చుక్కైనా ఉండదు. ఆ పొగ చాలాసార్లు బర్చ్ చెట్టు బెరడును గాలి తగలకుండా కాల్చి తీసిన తారుది, లేదా జునిపర్ కర్ర నుంచి తీసిన కేడ్ నూనెది. పెర్ఫ్యూమ్‌లో ఉన్నదీ ఆల్కహాలే కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ ఇథనాల్ చర్మం మీద నిమిషాల్లో ఆవిరైపోతుంది. పొగకూ దానికీ సంబంధం లేదు. స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీలకు పొగ అంటేది మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో కుళ్ళిన మొక్కల నుంచి ఏర్పడే ఇంధనం) మంట మీద ఆరబెట్టినప్పుడు. ఆ పొగలోనూ, బర్చ్ తారులోనూ ఉండే గ్వయకాల్ వంటి రసాయనాల వల్లే రెండు వాసనలూ అంత దగ్గరగా తోస్తాయి. ఇంకో వింత: ఐస్‌క్రీముల్లో వేసే కృత్రిమ వనిలిన్‌ను పరిశ్రమల్లో ఎక్కువగా తయారుచేసేదీ గ్వయకాల్ నుంచే. ఇక బర్చ్ తారు విషయానికొస్తే, శుద్ధి చేయని తారును పరిమళాల్లో వాడటానికి అంతర్జాతీయ పరిమళ సంఘం ఇఫ్రా ఒప్పుకోదు.