గ్యాస్ పొయ్యితో పాటు ఇవ్వవలసిన నాలుగు మాటలు

మన సీతారామపురం, ఉదయగిరి ప్రాంతంలో చాలా ఇళ్ళలో రెండు పొయ్యిలు ఉంటాయి. ఇంట్లో గ్యాస్ పొయ్యి, పెరట్లో సర్కారు తుమ్మ కట్టెల పొయ్యి. 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి పేదల ఇళ్ళకు కూడా గ్యాస్ చేరుతోంది. పేదింటికి పొయ్యి కొనివ్వడం మంచి పని. అయితే ఆ సిలిండర్‌లో ఉన్నదేమిటో తెలియజేయడం కూడా ఆ సహాయంలో భాగమే.

గ్యాస్, పెట్రోలు, కిరోసిన్, డీజిల్ అన్నీ ఒకే కుటుంబం. కార్బన్, హైడ్రోజన్ అనే రెండు మూలకాలతోనే ముఖ్యంగా ఏర్పడినవి కనుక వీటిని హైడ్రోకార్బన్‌లు అంటారు. కోట్ల ఏళ్ళ క్రితం నీటి అడుగున బురదలో పూడిపోయిన సూక్ష్మజీవులు వేడికి, ఒత్తిడికి మారి ఇలా తయారయ్యాయి. మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో దొరికేవి కూడా ఇవే.

తేడా అంతా కార్బన్‌ల లెక్కలో ఉంది. తస్బీహ్ పూసల్లా కార్బన్‌లు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. ఒకే కార్బన్ ఉంటే మీథేన్. సహజవాయువులో ఎక్కువ భాగం ఇదే. మూడు ఉంటే ప్రొపేన్, నాలుగు ఉంటే బ్యూటేన్. మన సిలిండర్‌లో ఉండేవి ఈ రెండే. పదికి అటూ ఇటూ అయితే పెట్రోలు, కిరోసిన్. ఇంకా పొడవైతే డీజిల్, మైనం, చివరకు రోడ్డు మీద వేసే తారు. గొలుసు పెరిగేకొద్దీ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే వాయువు ద్రవమై, ద్రవం చిక్కబడి, చివరకు గడ్డకడుతుంది.

ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఒత్తిడితో వాటిని ద్రవంగా మార్చి సిలిండర్‌లో 14.2 కిలోలు నింపుతారు. బయటికి రాగానే మళ్ళీ వాయువవుతుంది. మీథేన్ గాలి కన్నా తేలిక కనుక పైకి పోతుంది. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు కనుక లీకైతే నేలబారున పరుచుకుంటుంది. గోడకు పైన కిటికీ ఉంటే చాలదు, కింద కూడా గాలి పోయే దారి ఉండాలి. గ్యాస్‌కు సహజంగా వాసన లేదు. లీకు తెలియడానికే మెర్కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు.

ఇక మండడం. ఒక కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలోని గాలిలో ఇది దాదాపు సగం! గాలి చాలినంత ఉంటే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి, మంట నీలంగా ఉంటుంది. చాలకపోతే మంట పసుపు రంగుకు తిరుగుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బొగ్గుల కుంపటిదీ ఇదే ప్రమాదం. పొగ లేదు కదా అని చలికాలం తలుపులు మూసి గదిలో పెట్టుకుని నిద్రపోవడం ప్రాణాంతకం.

కాబట్టి దాతలకు నా మనవి. పొయ్యి ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళకు ఈ నాలుగు మాటలు చెప్పించండి. సిలిండర్ నిలువుగా, పొయ్యి కన్నా కింద ఉండాలి. గడువు తీరిన రబ్బరు పైపు మార్చాలి. మంట పసుపు రంగులో ఉంటే బర్నర్ శుభ్రం చేయించాలి. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చీ వేయకుండా, ఆపకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. వంటింటికి కిటికీ లేకపోతే, పొయ్యి కన్నా ముందు కిటికీకి ఖర్చు పెట్టండి.