రాజపాళయం: డెక్క కింద ఇనుము

రాజపాళయం పేరెత్తితే ముందు తెల్ల వేటకుక్క గుర్తొస్తుంది. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వేశారు. ఆ తర్వాత మామిడిపళ్లు, నూలు మిల్లులు, 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా. తరతరాల కిందట తమిళ నేలకు వచ్చి స్థిరపడిన రాజు కులస్థుల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఊరి గొప్పలు చెప్పేటప్పుడు లాడాలు కొట్టేవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

ఇది నల్లరేగడి సీమ, పత్తి సీమ. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో ఇక్కడ మిల్లు పెట్టారు. లారీలు పెరగకముందు చేలో పత్తి ఎడ్లబండి ఎక్కాల్సిందే. రేగడిలో నడిచినంతసేపూ డెక్కకు ఢోకా లేదు, కంకర రోడ్డు ఎక్కితేనే అరుగుదల. ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు చొప్పున ఎనిమిది లాడం బిళ్లలు కావాలి. ఎద్దును తాళ్లతో పడేసి, కాళ్లు కట్టి వాటిని కొట్టేవారు.

బళ్లు తగ్గాయి, ఆ పనీ తగ్గింది. బరువు మోసే డెక్కల్ని చూడాలంటే ఇప్పుడు పడమటి కనుమల అంచు పట్టుకుని ఉత్తరంగా, బోడినాయకనూరు వైపు వెళ్లాలి. కురంగణి పైన రోడ్డు లేని కొండ పల్లెలకు గుర్రాలు, కంచర గాడిదలే దిక్కు. ఎన్నికలొస్తే ఓటింగ్ యంత్రాలు కూడా వాటి వీపునే ఎక్కుతాయి. కొడైకెనాల్ కింది వెళ్లగవిలో మనుషులు చెప్పులు వేసుకోరు. గుర్రం కాలు మాత్రం బాగుండాలి, లేకపోతే సరుకు కొండ దిగదు.

లాడం కొట్టడానికి గుర్రాన్ని ఎద్దులా పడేయరు. నిలబెట్టి, కాలెత్తి, తొడల మధ్య ఇరికించుకుంటారు. పాత మేకుల మడతలు విప్పి లాడం ఊడదీస్తారు. పెరిగిన డెక్కను కత్తితో చెక్కి, ఆకురాయితో చదును చేస్తారు. అడుగున అంచు వెంట సన్నటి తెల్లగీత ఒకటి కనిపిస్తుంది. పనితనమంతా అక్కడే. మేకు ఆ గీతకు బయటే దిగాలి. బయటి గోడకు నొప్పి తెలియదు, లోపలిది పచ్చి మాంసం. మొన ఒక పక్కకు చెక్కిన మేకు వంగుతూ గోడలోంచి బయటికొస్తుంది. దాన్ని తుంచి, కిందికి మడిచి, ఆకురాయితో రాస్తారు. కంచర గాడిద డెక్క సన్నం, నిటారు, గట్టి. గుర్రానికి చేసిన గుండ్రటి లాడం దానికి అతికించబోతే పని చెడుతుంది. డెక్కను బట్టి ఇనుము వంగాలి గానీ ఇనుమును బట్టి డెక్కను కోయకూడదు.

డెక్క నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది. లాడం ఉంటే అరగదు, ముందుకు సాగుతుంది, కాలి స్నాయువులు లాగుతాయి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఊడదీసి మళ్లీ కొట్టాలి. లాడం ఇంకా అరగలేదు కదా అని వాయిదా వేయడం పిసినారి లెక్క.

మేకు లోపలికి దిగినా, రాయి గుచ్చుకున్నా చీము పడుతుంది. డెక్క వేడెక్కుతుంది, జంతువు కాలు మోపదు. అప్పుడు లాడం తీసి, చీముకు దారి చేసి, ఉప్పునీళ్లతో కడిగి, మందు దూది పెట్టి కట్టు కట్టాలి. ధనుర్వాతం గుర్రాలకు తేలిగ్గా సోకుతుంది కనుక పశువైద్యుడి సూది తప్పనిసరి. ఇక దూదికీ కట్టుగుడ్డకూ ఈ వైపు కొదవ లేదు. రాజపాళయంలో ఆసుపత్రుల దూది తయారవుతుంది, పక్కనున్న సత్రపట్టిలో మగ్గాల మీద నేసేది కట్టుగుడ్డే.